మూత తియ్యనివ్వని ఆపా

మొన్న మా ఎదురింటి కోడలు ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి, మాటిమాటికీ మూత తీసి చూస్తోంది. కరివేపాకు కోసం వెళ్ళినదాన్ని, ఇచ్చింది పుచ్చుకుని రావచ్చు కదా. ఊరుకోలేకపోయాను. "మూత ముట్టుకోవద్దు" అని కసిరాను. ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుని, "ఏమవ్వా, ఆవిరి పోతాదనా?" అంది. "పోయేది సరే, గాలి దూరుతుంది" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. ఇడ్లీ పాత్రలోకి గాలి దూరితే ఏమవుతుంది? ఏమీ కాదు. ఆ మాట నాది కాదు. మా ఆపా మాట, నా నోట్లో ఇన్నేళ్ళూ అట్లాగే ఉండిపోయింది.

ఆమెను ఆదోనిలో మా వీధంతా ఆపా అనేది. ఉర్దూలో అక్క అని. ఆమె పేరు నాకు తెలుసు, కానీ ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు. ఇప్పుడు కాగితం మీద రాస్తే ఇంకెవరి గురించో రాసినట్టు ఉంటుంది, అందుకని రాయను.

పొట్టి మనిషి, అడుగులు మాత్రం పెద్దవి. తిరుపతిలో ఎమ్మెస్సీ చదివి, ఊళ్ళో కాలేజీలో కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటరుగా పనిచేసేది. కాలేజీ నుంచి ఇంటికి రాగానే బురఖా తీసి గుమ్మం పక్క మేకుకు తగిలించి, అదే మేకు మీద ఉన్న తెల్ల కోటు తొడుక్కునేది. తెల్ల కోటు అని నేను మర్యాదకు అంటున్నాను. దాని జేబులో ఒక చిన్న సీసా, సీసా నిండా సోంపు. అది ఏదో రసాయనం వచ్చిన సీసా, మీద పుర్రె బొమ్మ ఇంకా అట్లాగే ఉండేది. కడిగి వాడుతోంది కదా, ఆ కాగితం పీకెయ్యొచ్చు కదా అని అడిగాను. "పీకితే అందరూ అడుగుతారు టీచరమ్మా. ఇట్లుంటే నా సోంపు నాకే ఉంటాది" అంది.

ఇంకో అలవాటుండేది. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే వాళ్ళ పైట కొసో, చొక్కా అంచో రెండు వేళ్ళతో పట్టుకుని, ఒక పోగు లాగి, నలిపి చూసేది. బస్సులో పరాయి ఆడవాళ్ళ చీరలు కూడా వదిలేది కాదు. దానివల్ల మేమిద్దరం ఒకసారి దేవనకొండ బస్సులో తిట్లు తిన్నాం. నన్నూ కలిపి తిట్టారు, నేను చేసిందేమీ లేకపోయినా.

డెబ్భైల చివర్లో అమ్మాయిల హైస్కూలుకు తెలుగు టీచరుగా బదిలీ అయి, ఆమె ఇంటి పక్కనే అద్దెకు దిగాను. ఆదోనిలో పత్తి రోజుల్లో గాలి నిండా దూది నూగు ఎగురుతుందని తెలిసే వచ్చాను. ఆ ఇంటి వెనక షెడ్డు నుంచి వచ్చే వాసన సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ముక్కుపుటాలు మండి, నెత్తి దిమ్మెక్కే వాసన. వాళ్ళ నాయన బతికుండగా దుకాణాలకు అక్రిలిక్ బోర్డులు చేసేవాడట, రంగు రేకుల మీద అక్షరాలు కోసి అతికించేవాడు. ఆయన పోయాక షెడ్డు నిండా ముక్కలు మిగిలాయి. ఆపా వాటిని ఇనప పాత్రలో కాచి, లేచిన ఆవిరిని గొట్టంలో చల్లార్చి, నీళ్ళలాంటి ద్రవం పట్టేది. ఆ ద్రవాన్ని మళ్ళీ తన ఇష్టం వచ్చిన జిగురుగా, లక్కగా, పూతగా మార్చాలని ఆమె పట్టుదల. నాకు ముక్కు మీదే కోపం. ఒకనాటి సాయంత్రం ఇక ఓర్చుకోలేక పైట ముక్కుకు అడ్డం పెట్టుకుని వెళ్ళాను.

"మీకు ముక్కు లేదా?" అన్నాను గుమ్మంలోనే.

"ఉండాది టీచరమ్మా. పని చెయ్యదు, అంతే. కూసో."

కూర్చోడానికి రాలేదని చెప్పాలనుకున్నాను. ఆ లోపలే ఆమె నా పైట కొస పట్టుకుని పోగు లాగేసింది. వేళ్ళ మధ్య నలిపి, వెలుతురుకు పెట్టి చూసింది.

"ఇది ఎమ్మిగనూరు మగ్గం. నేసినాయప్పది మంచి చెయ్యి. గంజి మాత్రం దండిగా పెట్టినాడు."

"నేసింది మా తమ్ముడు" అన్నాను, కోపమంతా ఎటుపోయిందో తెలియకుండా.

"అయితే మీ తమ్మునికి సెప్పు."

చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఎమ్మిగనూరులో మాది నేతవాళ్ళ ఇల్లు. మా తమ్ముడు నోట్లో నాలుక లేని మనిషే గానీ, గంజి దగ్గరికొస్తే వాడికి రోషం. "నా గంజి గురించి సెప్పేదానికి ఆమె ఎవురక్కా? మగ్గం యాడైనా తొక్కిందా?" అని రెండు నెలలు ఆదోని ముఖమే చూడలేదు. తర్వాత ఏదో పని మీద వచ్చి, ఆమెతో వాదించడానికే షెడ్డులోకి వెళ్ళి, చీకటి పడ్డాక బయటికొచ్చాడు. ఏమన్నావురా అంటే, "ఆమెకు తెలుసక్కా" అన్నాడు. అప్పటి నుంచి వాళ్ళిద్దరూ ఒక జట్టు. మధ్యలో టీలు పెట్టేది నేను.

ఎనభైలు సగానికి వచ్చేసరికి లోకానికి టెరికాట్ పిచ్చి పట్టింది. పెళ్ళికొడుక్కి టెరికాట్, బడిపిల్లలకి టెరికాట్. మా తమ్ముడికి నూలిచ్చి బట్ట నేయించుకునే షావుకారు, ఆ ఏడు వానలు తగ్గాక, టెరికాట్ నూలు తెచ్చి పడుగులకని ఇంట్లో దింపించాడు. పడుగంటే మగ్గం మీద నిలువుగా సాగే దారాలు. వాటికి గంజి పట్టిస్తేనే రాపిడికి తట్టుకుంటాయి. టెరికాట్‌కు మా ఇంటి గంజి పట్టలేదు. ఆరగానే పొడిపొడిగా రాలిపోయి, మగ్గం గుంటలో తెల్లగా పేరుకునేది. దారాలు నూగు లేచి పుటుక్కు పుటుక్కున తెగేవి. ఒక పోగు ముడేసి తల ఎత్తేలోపల ఇంకోటి. వాడికి తల ప్రాణం తోకకొచ్చింది.

షావుకారు చెడ్డవాడేం కాదు. కానీ వ్యాపారం వ్యాపారం. "మూడు నెలల్లో మన ఊరి జాతర, ఆ లోపల నేసియ్యి. కాదంటే నూలు వాపసు తీసుకుపోతాను, షోలాపూరు పవర్‌లూములకు పంపుతాను. ఇగ నీకు ఏ నూలూ ఇయ్యను, నాకూ గిరాకీ లేదు గదప్పా" అన్నాడు. మా తమ్ముడు నా దగ్గరికి వచ్చి, వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. చేతిలో తెగిన పోగుల ఉండ.

"జిన్నింగు మిల్లులో పత్తి బోరాలు మోసేదానికి మనుషుల్ని తీసుకుంటారా అక్కా?" అన్నాడు.

ఊహ తెలిసినప్పటి నుంచి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతికినవాడు. ఆ చేతులకు ఇంకో పని తెలియదు. మిల్లులో వాడు ఎన్నాళ్ళు మోస్తాడు? నేను వాడి చెయ్యి పట్టుకుని గోడవతలికి తీసుకెళ్ళాను.

ఆపా ఆ ఉండ చూసింది. సోంపు నోట్లో వేసుకుంది.

"పత్తి గంజిని తాగుతాది. దీంట్లో సగం ప్లాస్టిక్కు, అది తాగదు. దానికి దాని జాతి జిగురే కావాల. నేను చేస్తాను."

"జాతర లోపల కావాల ఆపా" అన్నాడు తమ్ముడు.

"వినబడింది. పో, పోయి నేసేది నేస్తా ఉండు."

అంతే. అవుతుందా కాదా అన్న ప్రశ్న ఆమె నోట ఆ మూడు నెలల్లో నేను వినలేదు. ప్రతిసారీ చెడిపోయిన గిన్నె కడిగి బోర్లించేటప్పుడు "ఇంకోసారి" అనేది, రెండో వాయి దోసెలు పోసే మనిషిలాగా.

ఆమె కాచి తీసిన ద్రవంలో బొంబాయి నుంచి తెప్పించిన ఒక ఆమ్లం కలిపి, స్పిరిట్లో వేడి చేస్తే జిగురు తయారవుతుంది. దాన్ని అమోనియా నీళ్ళలో కరిగించి పడుగుకు పట్టించాలి. మొదటి జిగురు గరిటెకు తాడులా సాగింది. పడుగు మీద పైపైనే తొక్కలా కట్టి ఊడొచ్చింది.

"గొలుసులు పొడుగైపోయినాయి" అంది ఆపా.

నాకు అర్థం కాలేదు. నేను తెలుగు టీచర్ని, ఆ మాట గట్టిగానే చెప్పాను. అప్పుడు ఆమె నాకు విడమరిచింది. ఆ ద్రవంలో కోట్ల కోట్ల అణువులుంటాయి. ఏదో ఒక దాన్ని కదిలిస్తే దానికి ఒక చెయ్యి ఖాళీ అవుతుంది, పక్కవాణ్ణి పట్టుకుంటుంది, వాడు ఇంకొకణ్ణి పట్టుకుంటాడు. ఆ ఖాళీ చేతిని వాళ్ళు రాడికల్ అంటారు. అట్లా పట్టుకుంటూ పోతే గొలుసు. గొలుసు మరీ పొడుగైతే జిగురు దారం లోపలికి దిగదు. మరీ పొట్టిదైతే దిగుతుంది గానీ పట్టు ఉండదు. సరైన పొడుగు దగ్గర ఆపడమే అంతా.

ఆపడానికి ఆమె ముందు వాడింది అందరూ వాడే మందే. దాని పేరు మెర్‌కాప్టాన్. నాకు ఆ పేరు ఇంకా ఎందుకు గుర్తుందంటే, దాని కంపు. కుళ్ళిన కోడిగుడ్లూ, ఉల్లిపాయలూ, ఇంకా నేను రాయలేనివీ కలిపిన కంపు. వీధి వీధంతా నా దగ్గరికి వచ్చి ఫిర్యాదు చేసింది, నేనేదో ఆమెకు గుమాస్తా అయినట్టు. జిగురు మాత్రం పల్చగా వచ్చింది. పడుగుకు దిగింది. తమ్ముడు బారెడు బట్ట నేసి షావుకారుకు చూపించాడు. ఆయన మడత విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏమప్పా, ఇది పెండ్లికొడుకు తొడుక్కునేదా? పెండ్లికూతురు పారిపోతాది."

ఎంత ఉతికినా ఆ వాసన పోలేదు. తమ్ముడు ఆ ముక్క తెచ్చి ఆపా ముందు పెట్టాడు. మనిషి ఏడ్వలేదు గానీ ముఖం పీక్కుపోయింది. ఆపా ఆ ముక్కను మడిచి కోటు జేబులో పెట్టుకుంది. "ఇంకోసారి" అంది.

ఆ వారంలోనే, హైదరాబాదులో పరిశోధన చేసే ఆమె పాత స్నేహితురాలు సెలవులకొచ్చి, రష్యావాళ్ళు ఇదే పనికి కోబాల్టు వాడుతున్నారని మాటల్లో చెప్పింది. ఆపాకు ఇక నిద్రాహారాలు లేవు. ఆదివారం మేమిద్దరం ఎమ్మిగనూరు బస్సు కోసం ఆదోని బస్టాండులో నిలబడ్డాం. బస్సులు కిక్కిరిసి కదలడం లేదు. కంట్రోలరు ఈల ఊదాడు, ఒక బస్సు కదిలింది.

"ఆ ఈల ఊదేయప్పను సూడు టీచరమ్మా" అంది. "ఆయప్ప ఊదకపోతే జనం ఎక్కుతానే ఉంటారు, బస్సు కదలదు. ఊదితే బస్సు పోతాది. ఆయప్ప బస్సెక్కి పోయినాడా? లేదు. ఈడే నిలబడుకున్నాడు, ఇంకో బస్సుకు ఊదుతాడు. కోబాల్టు ఆ మాదిరి. ఒక గొలుసును ఆపుతాది, దాని కొస నుంచి ఇంత తీసుకుని ఇంకో గొలుసును మొదలుపెడతాది. తాను ఖర్చు కాదు. చిటికెడు చాలు."

"మరి ఆ కంపు మందు?"

"అది ఈల ఊది తానూ బస్సెక్కి పోయే రకం. బస్సుకొకడు కావాల. పోయినోడు పోతా పోతా వాసన ఈడ పెట్టి పోతాడు."

పక్కనున్న పెద్దాయన మమ్మల్ని వింతగా చూసి జరిగి నిలబడ్డాడు. నాకు మాత్రం రసాయనశాస్త్రంలో అర్థమైన పాఠం అదొక్కటే.

కోబాల్టు ఉప్పు కర్నూల్లో దొరికింది. దాన్ని పట్టి ఉంచడానికి ఒక తెల్ల పొడి కావాలి. నికెల్ ఉందో లేదో తేల్చడానికి కాలేజీ పిల్లలు వాడే పొడే. ఆ పొడిని స్పిరిట్లో కరిగించి చుక్క వేస్తే నికెల్ ఎర్రగా విరుగుతుంది. అదే పొడి కోబాల్టును చుట్టుకుని కూర్చుంటుందట. రెండూ కలిపి చేసిన ముదురు రంగు పలుకులు ఒక అగ్గిపెట్టెలో పట్టేటన్ని. చిక్కేమిటంటే, ఆ మందుకు గాలి పడదు. గాలి తగిలితే చచ్చుబడిపోతుంది. గాలిని తరమడానికి నైట్రోజన్ కావాలి. ఆదోనిలో నైట్రోజన్ ఎక్కడుంటుంది? పశువుల ఆసుపత్రిలో ఉంటుంది. మేలుజాతి ఎద్దుల బీజాన్ని గడ్డకట్టించి దాచడానికి వాళ్ళు పొగలు కక్కే చల్లటి నైట్రోజన్ పెద్ద క్యానుల్లో తెప్పించుకుంటారు. ఆపా అక్కడి డాక్టరును ఒప్పించింది. ఆయన ఒప్పుకున్నా వరసలో మాత్రం నిలబడాల్సిందే. బర్రెలూ ఆవులూ వాటి ఆసాములూ, మధ్యలో బురఖాలో థర్మాస్ ఫ్లాస్కు పట్టుకుని ఆపా, ఆమె పక్కన తలెత్తుకోలేక నేను. కాంపౌండరు తల దించుకునే, "ఎనుమా, ఆవా?" అని అడిగాడు.

"కోబాల్టు" అంది ఆపా.

ఆయన తలెత్తి చూశాడు. తర్వాత తర్వాత దూరం నుంచే గుర్తుపట్టి, "కోబాల్టమ్మ వచ్చింది" అని ముందు పంపేవాడు.

గాజు కూజాలో, రబ్బరు బిరడా బిగించి చేసిన మొదటి జిగురు మజ్జిగలా జారింది. కంపు లేదు. ఆపా కూజా పైకెత్తి, అటూ ఇటూ వంచి చూస్తూ, నా చెంప గిల్లింది. కానీ కూజాడు జిగురుతో పడుగు తడవదు. పాలవాళ్ళ స్టీలు క్యాను ఒకటి కొని, మూతకు బెజ్జాలు వేసి గొట్టాలు అమర్చి, వేడినీళ్ళ తొట్టిలో పెట్టి చేసింది. జిగురు రబ్బరులా వచ్చింది. ఇంకోసారి. మళ్ళీ రబ్బరు. మంట తగ్గించింది, పెంచింది. మందు ఎక్కువ వేసింది. క్యాను మార్చింది. కాలేజీకి సెలవు పెట్టింది. ఎన్ని చేసినా అదే తంతు. జాతర బళ్ళకు రంగులు వేస్తున్నారని తమ్ముడు ఊరి నుంచి వార్త తెచ్చాడు. ఆపా విని తలూపి, క్యాను లోపల చెయ్యి పెట్టి, గోళ్ళు విరుగుతున్నా ఆ గట్టిపడ్డ ముద్దను గీకుతూ కూర్చుంది.

వాళ్ళిద్దరి మధ్య మూడో మనిషిని నేను. నాకు ఈ జిగురులో భాగం లేదు, ఆశ మాత్రం ఉంది. అంతగా పనికొచ్చేదాన్నీ కాను.

ఒకరోజు ఆపాకు పరీక్షల డ్యూటీ పడింది, తప్పించుకోలేకపోయింది. క్యాను ఎక్కించి, మంట అమర్చి, తమ్ముడొస్తాడు, అప్పటిదాకా నీళ్ళు తగ్గకుండా పోస్తూ ఉండమని నాకు చెప్పి పోయింది. తమ్ముడి బస్సు దారిలో చెడింది. వాడు రాలేదు. నేను ఒక మూల కిటికీ పక్కన కూర్చుని, పిల్లల కాంపోజిషన్లు దిద్దుకుంటూ, గుర్తొచ్చినప్పుడల్లా తొట్టిలో చెంబెడు నీళ్ళు పోశాను. 'నా ఆశయం' అని అందరూ డాక్టర్లమవుతామని రాశారు. మంచి కోపంలో ఉన్నాను. ఆ క్యాను వంక చూడను కూడా చూడలేదు.

సాయంత్రం ఆపా వచ్చి క్యాను దించి, మూత తీసి వంచింది. జిగురు గలగలా జారి పళ్ళెంలో పడింది. ఆమె కదలకుండా నిలబడిపోయింది.

"ఏం జేసినావు టీచరమ్మా?"

"నీళ్ళు పోశాను. పొయ్యమన్నారుగా."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"మూత?"

"మూతతో నాకేం పని? ఆ వాసన నాకు పడదని తెలుసు కదా."

ఆపా నేల మీద కూలబడి, నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకో నాకు తెలియలేదు. తెలిశాక నేనూ నవ్వాను. మా తమ్ముడు నేతవాడు. గంజి కాగుతుంటే మూత తీసి, బొటనవేలూ చూపుడువేలూ మధ్య సాగదీసి తీగ చూడటం వాడికి ఊపిరి తీసుకోవడంతో సమానం. మా అమ్మా అంతే చేసేది, అమ్మమ్మా అంతే. ఆపాకు వాణ్ణి చూసి అదే అలవాటైంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు, గంటకోసారి మూత ఎత్తి, వేలు ముంచి, తలలూపి మూసేవాళ్ళు. ఎత్తినప్పుడల్లా గాలి దూరి కోబాల్టు చచ్చేది. ఈల ఊదేవాడు లేక గొలుసులు ఇష్టం వచ్చినట్టు పెరిగేవి. గాజు కూజాకు బిగించిన బిరడా గనక వేలు పెట్టడం కుదరలేదు. గాలి పడదని ఆమెకు తెలుసు. గొట్టంలో నైట్రోజన్ వస్తూనే ఉంది కదా, క్షణం తీస్తే ఏమవుతుందిలే అనుకుంది.

మరునాడు తమ్ముడొచ్చాడు. ఆపా సంగతి చెప్పింది.

"చెయ్యి పెట్టకుండా గంజి ఎట్ల తెలుస్తాది ఆపా?"

"తెలవదు. నాకూ తెలవదు. అయినా తియ్యొద్దు."

"సగంలో చెడిపోతాంటే?"

"చెడిపోనీ. కడాకు చూద్దాం. నీకు భయమైతాది, నాకూ అయితాది. భయమైనప్పుడే చెయ్యి మూత మీదికి పోతాది."

ఆమెకు కూడా భయం ఉంటుందని నాకు అప్పటిదాకా తోచలేదు.

జాతర దగ్గరపడింది. పడుగంతటికీ సరిపడేటంత జిగురు ఒకేసారి చెయ్యాలి. చెడితే మళ్ళీ చెయ్యడానికి ద్రవమూ లేదు, వ్యవధీ లేదు. ఆపా క్యానుకు ఎదురుగా పీట వేసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. తమ్ముడు గోడ పక్కన నిలబడ్డాడు. మధ్యలో వాడు రెండడుగులు ముందుకేసి, చెయ్యి చాపాడు. తనకు తెలియకుండానే చాపాడని నాకు తెలుసు. ఆపా లేచి, వాడి చేతి మీద ఫట్టున కొట్టింది. నేను నవ్వబోయి, నా చెయ్యి కూడా పైట అంచును నలుపుతుండటం చూసి ఆపుకున్నాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ముగ్గురం ఆ మూతను చూస్తూ కూర్చున్నాం. అంత కష్టమైన పని నేను జీవితంలో చెయ్యలేదు.

జిగురు మజ్జిగలాగే వచ్చింది.

ఎమ్మిగనూరులో మా వీధి పొడుగునా పడుగు సాగదీసి, తెల్లవారుజామున చలిలో తమ్ముడూ మరదలూ కుంచెలతో పట్టించారు. ఎండ ఎక్కేసరికి ఆరింది. వేలితో దువ్వితే పొడి రాలలేదు. మగ్గానికి ఎక్కించి వాడు గుంటలో దిగాడు. ఆపా ఆ గదిలోకి రాలేదు. వాకిట్లో అరుగు మీద కూర్చుని వింది. దారం తెగితే మగ్గం ఆగుతుంది, ఆమెకు ఆ సంగతి తెలుసు. మగ్గం ఆగలేదు. మా మరదలు టీ పోసి ఇచ్చింది, ఆపా గ్లాసు పట్టుకునే ఉంది, టీ చల్లారిపోయింది.

షావుకారు ఇక కాదనుకుని, బండి కట్టించుకుని నూలు వాపసు తీసుకోవడానికి వచ్చాడు. మగ్గం చప్పుడు విని గుమ్మంలో ఆగాడు. తమ్ముడు గుంటలోంచి లేవకుండానే, "కూసో సావుకారీ, ఈ బారెడు అయినాక మాట్లాడదాం" అన్నాడు. వాడు షావుకారుతో అట్లా మాట్లాడటం నేను మొదటిసారి విన్నాను. ఆయన లోపలికొచ్చి, వంగి, నేసిన మేర బట్టను రెండు చేతులా లాగి చూశాడు. తర్వాత ముక్కు దగ్గరికి తెచ్చుకుని, గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. బయటికొచ్చి బండివాడితో, "నువ్వు పోప్పా, తీసుకుపోయేది ఏమీ లేదు" అన్నాడు. ఖాళీ బండి వీధి మలుపు తిరిగేదాకా ఆపా చూసింది. అప్పుడు ఆ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగింది.

ఆ తర్వాత మా వీధిలో చాలామంది ఆ జిగురుతోనే నేశారు. చేసే విధానం అడిగినవాళ్ళకల్లా చెప్పింది. వినేవాళ్ళను గోడకు నిలబెట్టి, చేతులు వెనక్కి కట్టుకోమని చెప్పి మరీ చెప్పేది. కొన్నేళ్ళకు టెరికాట్ మోజు పోయింది, బజారులో తయారు జిగురులు దిగాయి, ఆపా కాలేజీ నుంచి రిటైరయింది. నాతో పోట్లాడటం మాత్రం మానలేదు.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున ఆపా నిద్రలోనే పోయింది. తమ్ముడికి ఫోన్ చేశాను. వాడిప్పటికీ మగ్గం మీదే ఉన్నాడు, తెల్ల నూలు పంచెలు నేస్తాడు. మధ్యాహ్నానికి బస్సు దిగి, చంకలో తెల్లబట్ట మడతతో ఆ ఇంటి ముందు నిలబడ్డాడు. ఖననానికి ముందు చుట్టే కఫన్ గుడ్డ అప్పటికే బజారు నుంచి తెచ్చి పెట్టుకున్నారు.

"మేము తెచ్చినామే అన్నా" అన్నాడు ఆపా తమ్ముడి కొడుకు, మెల్లగా.

"నేను ఇంగా మగ్గం మీద ఉండేది ఆమె వల్ల" అన్నాడు మా తమ్ముడు. "వేరే గుడ్డ కప్పొద్దప్పా. గంజంతా పోయేదాకా ఉతికినాను."

ఆ పిల్లవాడు లోపలికెళ్ళి పెద్దవాళ్ళనడిగి వచ్చి, రెండు చేతులూ చాపి బట్ట తీసుకున్నాడు. పొద్దున్నే ఉతికి బస్సులో తెచ్చిన బట్ట, మడతల్లో ఇంకా తడి ఉంది. ఆ ఇంటి ఆడవాళ్ళూ నేనూ దాన్ని విప్పి, నాలుగు కొసలూ పట్టుకుని, ఆరేదాకా ఎండలో నిలబడ్డాం.